ఒకే బండిలో వచ్చిన కక్షిదారులు

మా చెల్లెలి మనవరాలు వసంత పోయిన ఆదివారం లా కాలేజీ దరఖాస్తు పట్టుకుని వచ్చి నా మంచం పక్కన కూర్చుంది. డిగ్రీ అయిపోయింది. వాళ్ల నాన్న టీచర్ ట్రైనింగ్ చేయమంటున్నాడు. వాళ్లమ్మ ఏమీ అనడం లేదు, అంటే ఆమెకు రెండూ ఇష్టం లేవన్నమాట. దరఖాస్తు గడువు దగ్గరపడుతోంది.

"తాతా, వకీలు చదువు చదువాల్నా, వద్దా? ఒక్క ముక్కల చెప్పు" అంది.

జన్మంతా కోర్టుల్లో నిలబడి సాక్షులను "అవునా, కాదా, ఒక్క ముక్కలో చెప్పు" అని నిలదీసినవాణ్ని. అదే ప్రశ్న నా మీదికి వచ్చేసరికి వాయిదా అడిగాను. వారం ఆగమన్నాను. ఆ వారంలో కూర్చుని రాసింది ఇది. ఈ వృత్తిలో పేరెట్లా వస్తుంది, ఇల్లెప్పుడు కట్టుకోవచ్చు, పెద్ద కోర్టుకు ఎట్లా పోవాలి అనేవి ఇందులో ఉండవు. అవి చెప్పడానికి కాలేజీ చుట్టూ బోలెడుమంది ఉంటారు. నేను వకీలుగా ఉండాలా, మానాలా అని నాకే తెలియని రోజుల్లో ఏం జరిగిందో మాత్రం రాస్తాను.

బాపు పెట్టిన గడువు

మాది భిక్నూరు దగ్గర వ్యవసాయం చేసుకునే ఇల్లు. పందొమ్మిది వందల ముప్పైల నడుమ, నిజాం రాజ్యంలో, వకాలతు పరీక్ష ఉర్దూలో రాయాలి. హైదరాబాదులో బంధువుల ఇంట్లో ఉండి, వాళ్ల సణుగుడంతా భరించి, చదివి పాసయ్యాను. ఊళ్లో అందరూ గొప్పగా చెప్పుకున్నారు. బాపు, అంటే మా నాన్న, ఒక్కడే మొహం చిట్లించుకున్నాడు. ఆయన లెక్కలో వకీలంటే రెండిళ్ల నడుమ గోడ కట్టి ఇద్దరి దగ్గరా కూలి తీసుకునేవాడు.

"సదివినవ్, మంచిదే. ఈ యాసంగి కోతల దాక చూస్త. నీ పనితోని ఎవలింట్లనన్న ఇంత నెమ్మది ఒచ్చిందని నువ్వు నా ముంగట నిలవడి చెప్పగలిగితె, చేసుకో. లేకుంటె ఒచ్చి నాగలి పట్టు" అన్నాడు.

యాసంగి ఎండాకాలంలో కోతకొచ్చే పంట, కొన్ని నెలలే గడువు. నాకు రోషం వచ్చింది గాని, లోపల నాకూ అదే భయం. అందుకే ఎదురు చెప్పలేదు.

గోవిందరావు గారి చెయ్యి

కామారెడ్డిలో గోవిందరావు అనే పెద్ద వకీలు దగ్గర చేరాను. ఆయనకు కామారెడ్డిలోనూ ఎల్లారెడ్డిలోనూ దావాలుండేవి. ఉర్దూలో ఆయన వాదన మొదలుపెడితే రాసుకునే గుమాస్తా కూడా కలం ఆపి వినేవాడు. దొంగ సాక్ష్యం పెట్టమని వచ్చినవాణ్ని వరండా దిగేదాకా తిట్టి పంపేవాడు. చట్టం నాకు వచ్చిందంటే ఆయన పెట్టిన భిక్షే.

ఆయనకు ఒక్కటే లోపం. కక్షిదారు రెండు మాటలు చెప్పగానే కుడిచెయ్యి పైకెత్తేవాడు. "చాలు, సమజైంది" అనేవాడు. నిజంగానే ఆయనకు సమజయ్యేది, దావాకు కావలసినంత వరకు. మిగిలింది వాళ్ల గొంతులోనే ఉండిపోయేది. అది మింగుకుంటూ మెట్లు దిగేవాళ్లు.

చాలామంది మంచి వకీళ్లలో ఈ చెయ్యి చూశాను. తెలివైనవాళ్లకే ఈ జబ్బు ఎక్కువ. వసంతా, నువ్వు తెలివైనదానివే కాబట్టి ముందే చెప్తున్నాను.

ఇంకొక సంగతి. ఈ వృత్తి అంటే వాదన అనుకుంటారు. నా అనుభవంలో ఈ వృత్తి అంటే ఎదురుచూడటం. ఎల్లారెడ్డి మున్సిఫ్ కోర్టు వరండాలో పొద్దుటి నుంచి జనం కూర్చునేవాళ్లు. బీడీలు కాల్చేవాళ్లు, సద్ది విప్పుకునేవాళ్లు, గోడకు ఆనుకుని కునికేవాళ్లు. జవాను పేరు పిలిస్తే ఉలిక్కిపడి లేచేవాళ్లు. వాళ్లు తెలుగులో చెబుతారు, లోపల ఉర్దూలో రాస్తారు, రాసింది ఉర్దూలోనే చదివి వినిపిస్తారు. వీళ్లు తలూపి వేలిముద్ర వేస్తారు. ఏం రాశారని అడిగితే "మనం చెప్పిందే రాసిండ్రు గావచ్చు" అనేవాళ్లు. ఆ "గావచ్చు" విన్నప్పుడల్లా నాకు ఇంటికి పోవాలనిపించేది.

ఒక కాడి, రెండెడ్లు

లచ్చవ్వను మొదటిసారి చూసింది ఆ వరండా ముందే. పెద్దకొడప్‌గల్ పోయే బాటలో ఆమె ఊరు. నిజాంసాగర్ కాలువ నీళ్లు అందని మెట్ట పల్లె. ఊరి పేరు రాయను. ఆ కుటుంబంవాళ్లు ఇంకా అక్కడే సేద్యం చేసుకుంటున్నారు.

లచ్చవ్వకు ముప్పై ఏళ్లుంటాయేమో. భర్త జ్వరంతో పోయాడు, పిల్లలు లేరు. భర్త అన్న రాజన్న మీద ఆమె దావా. దావా ఇంతే: అన్నదమ్ములిద్దరూ ఎప్పుడో నోటిమాటతో పాలు పంచుకున్నారు. పొయ్యిలు వేరు, పొలం నడుమ గట్టు వేసుకున్నారు. ఉన్నది ఒకే ఎడ్ల జత కాబట్టి చెరొక ఎద్దు తీసుకున్నారు. బావి, బండి మాత్రం ఉమ్మడిగా వదిలేశారు. తమ్ముడు పోయాక రాజన్న, "అసలు మేము పాలే పంచుకోలేదు" అన్నాడు.

ఆ ఒక్క మాటలో ఆమె బతుకంతా ఉంది. వేరుపడి ఉంటే తమ్ముడి వాటా అతని భార్యకు దక్కుతుంది. వేరుపడలేదంటే భూమంతా అన్నదే అవుతుంది. ఆమెకు మిగిలేది ఆ ఇంట్లో ఒక మూల, తిండి, బట్ట.

మొదటి పేషీ రోజున నేను వరండాలో నిలబడి ఉండగా ఒక ఎడ్లబండి వచ్చి ఆగింది. ముందు కూర్చుని తోలుతున్నవాడు దిగాడు. వెనక కాళ్లు వేలాడేసుకుని కూర్చున్న మనిషి దిగి కొంగు సర్దుకుంది. మా కక్షిదారు లచ్చవ్వ ఎవరని అడిగితే ఆమె చెయ్యెత్తింది. రాజన్న ఎవరంటే బండి తోలినవాడు ఎడ్లను విప్పుతూ, "నేనే" అన్నాడు.

"ఇద్దరు ఒక్క బండ్లనే ఒచ్చిండ్రా?" అన్నాను.

"ఏం జేస్తం పటేలా" అంది లచ్చవ్వ, ఊళ్లలో రెడ్లను పిలిచే పిలుపుతో. "అండ్ల ఒక ఎద్దు నాదేనాయె. ఆయినెద్దు ఒక్కటి బండి గుంజుతదా?"

నాకు నవ్వొచ్చింది. గోవిందరావు గారికి రాలేదు. ఆయన కిటికీలోంచి చూసి నన్ను లోపలికి పిలిచాడు.

"అవతలి వకీలు ఏమంటడు తెలుసా? 'హుజూర్, బండి గూడ పంచుకోలేదు, ఇయ్యాల్టికీ కలిసే తిరుగుతున్నరు, ఇంక పాలు ఎక్కడ పంచుకున్నరు' అంటడు. దావా అయ్యేదాక ఆమెను ఆ బండెక్కొద్దని చెప్పు. ఆమె ఎద్దును గూడ ఆ కాడికి కట్టొద్దని చెప్పు."

చట్టం ప్రకారం అది నూటికి నూరుపాళ్లు సరైన సలహా. ఇవాళ పరీక్షలో అడిగితే అదే రాయాలి. నేను వెళ్లి చెప్పాను. లచ్చవ్వ కాసేపు నా మొహం చూసింది.

"మీరు సదువుకున్నోల్లు. మీరు జెప్తే గట్లనే జేస్త" అంది. ఆ సాయంత్రం తన ఎద్దు పలుపు పట్టుకుని నడిచి వెళ్లిపోయింది. రాజన్న బండి కోర్టు ఆవరణలోనే వదిలేసి, తన ఎద్దును తోలుకుని వెనక నడిచాడు.

పొట్టకొచ్చిన వరి

తరువాతి పేషీకి ఇద్దరూ నడిచే వచ్చారు. ఒకే బాటన, కేకేస్తే వినపడేంత దూరంలో, ఒకరితో ఒకరు మాట్లాడకుండా వచ్చారట. ఎండ ముదిరింది. లచ్చవ్వ వరండాలో కూలబడి నీళ్లడిగింది. ఆ నీళ్లు తాగాక చెప్పింది.

వాళ్లది మోట బావి, ఎడ్లు తోలు సంచితో నీళ్లు తోడే బావి. మోట గుంజాలన్నా రెండెడ్లు ఉండాల్సిందే. నేను కాడి విప్పించిన రోజు నుంచి మోట ఆగిపోయింది. ఊళ్లో ఒక ఎద్దును అడిగితే ఎవరూ ఇవ్వలేదు, యాసంగిలో ఎవరి మోట వాళ్లకుంటుంది. అటు రాజన్న మడులు, ఇటు ఈమె మడులు, రెండూ పొట్టకొచ్చి, కంకి వేయబోతూ ఉన్నాయి. వరికి నీళ్లు కావలసిన వేళ అదే.

"గెలుస్తం అంటున్నరు గద పటేలా" అంది. "మీరు గెలిసేటాల్లకు నా వరి ఎండిపోతది. ఎండినంక ఆ మన్ను నాదైతేంది, ఆయినదైతేంది?"

గోవిందరావు గారితో చెప్పాను. ఆయన చెయ్యెత్తాడు. "ఈ యేడు ఎండితే వచ్చే యేడు పండుతది. పొలం పోతే మల్ల రాదు. సమజైందా?"

అదీ నిజమే. ఆయన మాటలో తప్పు లేదు, ఆమె మాటలో తప్పు లేదు, పైరు మాత్రం ఎండుతోంది. ఆ రాత్రే బట్టలు మూట కట్టుకున్నాను. బాపు చెప్పిందే నిజమనిపించింది. భిక్నూరు పోయి నాగలి పట్టడమే నయమనుకున్నాను.

పొద్దున్నే పోలేదు గాని, ఎల్లారెడ్డిలో మిగిలిన ఒక పని చూసుకుని పోదామని మూటతోనే కోర్టుకు వెళ్లాను. రాజన్న తరఫు వకీలు హబీబ్ సాబ్ బెంచీ మీద కూర్చుని తమలపాకు మడుస్తున్నాడు. తెల్లటి గడ్డం, తొందర తెలియని మనిషి. ఎల్లారెడ్డివాడే, నాకన్నా తెలుగు బాగా మాట్లాడేవాడు.

"మూటేంది నర్సింరెడ్డీ, పెండ్లికి పోతున్నవా?" అన్నాడు.

ఆయన అవతలి పక్షం వకీలన్న సంగతి మరిచిపోయి ఉన్నదంతా చెప్పేశాను. ఆయన ఆకు నోట్లో పెట్టుకుని నమిలాడు.

"మావోడు గూడ ఏడుస్తుండు, ఎండుతున్నదని" అన్నాడు. "పాలు పంచుకోలేదని వాడు నాతోని చెప్పేటప్పుడు నా కండ్లల్లకు చూడలేదు. ఎందుకు గట్లంటున్నవురా అని నేనూ అడగలేదు. నువ్వన్న అడిగినవా?"

అడగలేదు. వకీళ్లిద్దరం, దావా నడుపుతున్నాం, ఆ ప్రశ్న ఎవరమూ అడగలేదు.

ఆ రోజు కోర్టుకు వచ్చిన గోవిందరావు గారి దగ్గరకు పోయి, హబీబ్ సాబ్‌తో కలిసి ఆ ఊరికి పోయి వస్తానన్నాను. "పో. దావా చెడిందంటే మాత్రం మల్ల నా గడప ఎక్కకు" అన్నాడు. నేను ఎట్లాగూ పోయేవాణ్ని కాబట్టి భయం వేయలేదు. లచ్చవ్వ దావా చెడుతుందేమోనన్న భయం మాత్రం బాట పొడుగునా ఉంది.

బావి దగ్గర

హబీబ్ సాబ్ టాంగాలో పోయాం. బావి గట్టు మీద మోట తాడు ఎండి బిరుసెక్కి పడి ఉంది. మడులు నెర్రెలిచ్చాయి. వరి ఆకులు చుట్టుకుపోతున్నాయి. కబురు పంపితే ఇద్దరూ వచ్చారు. రాజన్న అటు గట్టు మీద, లచ్చవ్వ ఇటు గట్టు మీద కూర్చున్నారు.

హబీబ్ సాబ్ నన్ను మోచేత్తో పొడిచాడు. నేను లేచి, "రాజన్నా, కోర్టుల ఏమన్నవో అది ఇడిసిపెట్టు. పాలు పంచుకోలేదని ఎందుకన్నవ్?" అన్నాను.

అతను మట్టిబెడ్డ ఒకటి తీసి నలుపుతూ కూర్చున్నాడు. నా చెయ్యి రెండుసార్లు పైకి లేవబోయింది. మోకాళ్ల కింద పెట్టుకుని కూర్చున్నాను.

"ఆమె తమ్ముడు జుక్కల్ నుంచి ఒస్తున్నడు" అన్నాడు చివరికి. "ఒచ్చినప్పుడల్ల గట్టు మీద నిలవడి పొలం చూస్తడు. ఇంట్ల కూసోడు, నాతోని మాట్లాడడు, పొలం చూస్తడు. రేపు ఆమె వాటా వాడి చేతికి ఇస్తది. నా తమ్ముడు దున్నిన మన్ను మీద ఎవడో కూసుంటే నేను రోజు లేసి చూసుకుంట బతకాల్నా? గందుకే అన్న. పాలు పంచుకున్నమని నాకు తెల్వదా?"

లచ్చవ్వ తల ఎత్తింది. "మీ తమ్ముడు పోయినంక నా గడపలకు ఎన్నిసార్లు ఒచ్చినవ్ బావా? ఉప్పున్నదా లచ్చవ్వా, పప్పున్నదా అని ఒక్కనాడన్న అడిగినవా? నువ్వు అడగలే. గందుకే మా తమ్ముడొస్తుండు. నువ్వు ఎల్లగొడ్తవని వాడు గట్టు చూస్తుండు. నువ్వు మాట్లాడితే వాడెందుకొస్తడు?"

"నేనేం మాట్లాడాలె? నిన్ను చూస్తే నా తమ్ముడు యాదికొస్తుండు" అన్నాడు రాజన్న. అని తువాలతో మొహం కప్పుకున్నాడు.

దావాలో ఎక్కడా లేని సంగతి ఇది. ఉర్దూలో రాసిన ఏ బయానులోనూ, ఏ వాంగ్మూలంలోనూ ఇది రాలేదు. రావడానికి చోటు లేదు, ఎందుకంటే ఇద్దరి మాటా సగంలోనే ఆగిపోయింది.

ఆ తరువాత చేయవలసింది చాలా తేలికైంది. పాలు పంచుకున్నామని రాజన్న కోర్టులో ఒప్పుకోవాలి. లచ్చవ్వ తన వాటా ఎవరికైనా ఇవ్వదలిస్తే ముందు రాజన్న ఇంటినే అడగాలి. బావి నీళ్లు ఒక పూట అటు, ఒక పూట ఇటు. ఎడ్లు ఎవరివి వాళ్లవే, కాడి మాత్రం ఒక్కటే. నేను ఒక్కొక్కటే చెబుతున్నాను, హబీబ్ సాబ్ తలూపుతున్నాడు. నేను ఆఖరు మాట చెప్పకముందే లచ్చవ్వ లేచి వెళ్లిపోయింది. ఒప్పుకోలేదేమోననుకున్నాను. చూస్తే తన ఎద్దును తోలుకుని వస్తోంది.

రాజన్న కాడి ఎత్తాడు. మోట గిలక కిర్రుమంది. తోలు సంచిలోంచి నీళ్లు కాలువలో పడ్డ చప్పుడు విని నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోవడం ఎందుకు, నా జీవితంలో అంత హాయిగా ఊపిరి పీల్చుకున్న రోజు ఇంకొకటి లేదు. హబీబ్ సాబ్ చెప్పులు విడిచి కాలువలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు.

ఒప్పుకోలు

పేషీ దాకా మూటతో ఎల్లారెడ్డిలోనే ఉండి రాజీ కాగితం రాయించాను. సంతకాలకు ముందు హబీబ్ సాబ్ వాళ్లిద్దరికీ తెలుగులో చదివి చెప్పాడు, అర్థం కాని చోట ఆగి మళ్లీ చెప్పాడు. అట్లా చెప్పే వాడుక అప్పట్లో లేదు. మున్సిఫ్ గారు రాజన్నను, నిజంగానే పాలు పంచుకున్నారా, ఎవరైనా బెదిరించి చెప్పిస్తున్నారా అని అడిగించారు.

"పంచుకున్నం సర్కార్. మా ఎడ్లకు గూడ తెలుసు" అన్నాడు రాజన్న. మున్సిఫ్ గారికి ఆ మాట ఉర్దూలో చెప్పాక ఆయన మీసం కింద నవ్వుకున్నారు.

కోర్టు ఆవరణలో వదిలేసిన బండి అట్లాగే ఉంది. ఆ సాయంత్రం దానికి రెండెడ్లనూ కట్టారు. "ఎక్కు పటేలా, బస్సు కాడ దింపుత" అన్నాడు రాజన్న. ముందు ఆయన, వెనక లచ్చవ్వ, నడుమ నా మూట, నేను. వాళ్లేమీ ప్రేమగా మాట్లాడుకోలేదు. కొంతదూరం పోయాక రాజన్న వెనక్కి తిరగకుండానే, "సద్ది ఏమన్న మిగిలిందా?" అన్నాడు. ఆమె జొన్నరొట్టె సగం తుంచి నా చేతికిచ్చింది. నేను ఆయనకు అందించాను.

బస్సు కామారెడ్డి చేరాక, భిక్నూరు పోవడానికి రైలు ఉంది. నేను స్టేషన్ వైపు పోలేదు. మూట పట్టుకుని గోవిందరావు గారి గడప ఎక్కాను.

ఆయన అంతా విన్నాడు. చెయ్యి ఎత్తలేదు. "ఆ దావా మనం గెలిచేటోల్లం" అన్నాడు. అవునన్నాను. అది నిజం. ఆయన పోయేదాకా ఆ మాట అప్పుడప్పుడూ అంటూనే ఉన్నాడు, నేను అవునంటూనే ఉన్నాను. నన్ను పొమ్మని మాత్రం అనలేదు.

కోతలయ్యాక బాపు ముందు నిలబడి జరిగింది చెప్పాను. "వరి ఎట్లొచ్చింది?" అని మాత్రం అడిగాడు. కొంత తాలు పోయినా గింజ పట్టిందన్నాను. "అయితే చేసుకో" అన్నాడు.

ఒక హెచ్చరిక

ఇది చదివి అన్ని గొడవలనూ గట్టు మీద కూర్చోబెట్టి తీర్చొచ్చని అనుకోవద్దు. ఇద్దరూ ఒకే కాడి కింద ఉన్నప్పుడే రాజీ కుదురుతుంది. ఒకడి చేతిలో కొరడా, ఇంకొకడి వీపు మీద వాత ఉన్నప్పుడు రాజీ మాట ఎత్తినవాడు వకీలే కాదు. నలభైల మొదట్లో ఒక దొర వెట్టి చేయనన్న మనిషిని కొట్టించాడు. సర్దుకుపొమ్మని ఊరంతా చెప్పింది, నేనూ కొంత మెత్తబడ్డాను. గోవిందరావు గారు ఒప్పుకోలేదు. ఆ ఉర్దూ అంతా బయటికి తీసి నిలబడ్డాడు. ఆ రోజు ఆయన పక్కన కాగితాలు పట్టుకుని నిలబడటం నాకు గర్వంగా ఉండింది. ఏది ఏ రకం గొడవో పుస్తకంలో రాసి ఉండదు. ఎదుటి మనిషి ఆఖరు మాట దాకా వింటేనే తెలుస్తుంది.

వసంత ప్రశ్న

ఈ ఆదివారం వసంత వచ్చింది. ఇక్కడిదాకా రాసింది ఆమె చేతిలో పెట్టాను. గడప మీద కూర్చుని చదివింది. చదివి, బాగుందనో బాగాలేదనో అంటుందని ఎదురుచూశాను. లా చదవాలా వద్దా అని మళ్లీ అడుగుతుందేమోనని జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను.

ఆమె కాగితాలు వెనక్కి తిప్పి ఒకచోట వేలు పెట్టింది.

"తాతా, లచ్చవ్వ తమ్మునికి ఎవలు చెప్పిండ్రు? ఆయన జుక్కల్ల ఉన్నడు గద. రాజీ అయింది ఆయనకు తెల్వకపోతే మల్ల ఒచ్చి గట్టు మీద నిలవడడా?"

నేను రాయడం మరిచిపోయాను. ఆ రోజుల్లో నాకు తట్టనే లేదు, హబీబ్ సాబ్‌కూ తట్టలేదు. రాజన్నకే తట్టింది. మరుసటి వారం ఆ ఎడ్లనే కట్టుకుని జుక్కల్ పోయి, ఆ తమ్ముణ్ని వెంటబెట్టుకుని వచ్చి, తన ఇంట్లో అన్నం పెట్టాడు. చాలా కాలం తరువాత లచ్చవ్వ చెబితే నాకు తెలిసింది.

ఆ మాట వసంతకు చెప్పాను. "గట్ల చెప్పు" అంది తృప్తిగా.

నేను సిద్ధం చేసుకున్న జవాబు ఇక అక్కరలేకపోయింది. కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి, నా కలం ఆమెకిచ్చాను. ఆమె దరఖాస్తు మోకాలి మీద పరుచుకుని, మొదటి గీత మీద తన పేరు రాసుకుంది.